దుమ్మని రాయనివాడు

మొన్న అనంతపురం బస్టాండులో గార్లదిన్నె బస్సెక్కాను. కండక్టరు చేతిలో టికెట్ల మెషీన్ నిలిచిపోయింది. ఆయన దాన్ని ముందు అరచేతికేసి కొట్టాడు, తర్వాత సీటు కడ్డీకేసి కొట్టాడు. మూడోసారి చెయ్యెత్తేటప్పటికి నా నోట్లోంచి మాట జారిపోయింది.

"కొట్టాకు అన్నా. అది యాడ నిల్చిందో ముందు చూడు."

"ఈడనే నిల్చింది తల్లీ, నా చేతిలో. దాంతోపాటు బస్సు గూడా నిల్చింది. చూస్తాండావు గదా?"

వెనక సీట్లో ఎవరో నవ్వారు. నేను లేచి మెషీన్ తెర చూశాను. కాగితం అయిపోయిందని అందులో రాసే ఉంది. కండక్టరు సంచిలోంచి కొత్త చుట్ట తీసి పెట్టగానే అది కిర్రుమని టికెట్టు కక్కింది.

"ఇంతసేపూ ఇది చెప్తానే ఉండాదా!" అన్నాడాయన, మెషీన్‌కు క్షమాపణ చెప్తున్నట్టు.

నేను చెప్పిన మాట నాది కాదు, మామది. బస్సు కదిలినాక కిటికీ పక్కన కూర్చుని ఇల్లు చేరేదాకా ఆయన్నే తలచుకున్నాను.

గార్లదిన్నె దారిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను పనిచేస్తాను. బోరు మోటారు స్టార్టర్ల లోపల ఉండే బోర్డులు తయారు చేస్తాం. రైతు ఇంట్లో కూర్చుని ఫోను కొడితే తోటలో మోటారు ఆడుతుంది చూడండి, ఆ పని చేసేది ఆ బోర్డే. ఆకుపచ్చ పలక మీద ఆవగింజలంత ముక్కల్ని అతికించాలి. మా దగ్గరున్న మెషీన్ వాటిని ఒక్కొక్కదాన్ని గాలితో పీల్చి పట్టుకుంటుంది, కెమెరాకు చూపిస్తుంది, వంకర ఉంటే తిప్పి సరిచేసి, దాని చోట్లో దాన్ని పెడుతుంది. మనం రెప్ప వేసి తీసేలోపు నాలుగైదు పెట్టేస్తుంది. ఆ మెషీన్‌ను నడిపేవాడు మామ. వయసు అరవైకి దగ్గర. మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు, మెహెందీ పెట్టి ఎర్రబడిన గడ్డం. ఫ్యాక్టరీలో ఆయన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఊడ్చే ఆమె నుంచి ఫ్యాక్టరీ ఓనరు సారు దాకా అందరికీ మామే.

అంతకుముందు ఆయనకు మోటార్లకు తీగ చుట్టే అంగడి ఉండేది. బోర్లో నీళ్ళు తగ్గి మోటారు వట్టిగా ఆడితే కాలిపోతుంది. కాలిన మోటార్లన్నీ మామ అంగడికి వచ్చేవి. తర్వాత, నీళ్ళు తగ్గగానే మోటార్ను తానే నిలిపేసే బోర్డులు వచ్చాయి. మోటార్లు కాలడం తగ్గింది, అంగడికి తాళం పడింది.

"నా అంగడి మూయించిన బోర్డు మొగం ఎట్లుంటాదో చూద్దామని వచ్చినా, ఈడనే పనిలో పెట్టుకున్నారు" అనేవాడు. ఆ మాటలో దిగులేమీ ఉండేది కాదు. సంతలో బేరమాడి తెచ్చుకున్న ఎద్దును చూసుకున్నట్టు మెషీన్‌ను చూసుకునేవాడు.

చూడటంలో కూడా ఆయనకొక పద్ధతుంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాడు. మెషీన్ నిలిచిపోయిందంటే మేమంతా ముందు చెయ్యి చాపుతాం. మామ ముందు చేతులు వెనక్కి పెట్టుకుని, నడుం వంచి, మెల్లగా అడుగుతాడు: "ఇప్పుడు యాడుండావప్పా?"

మెషీన్ ఎప్పుడూ ఏదో ఒక స్థితిలో ఉంటుందన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. మీట వేయగానే మేలుకుంటుంది. తర్వాత చేతిని మూలకు తీసుకుపోయి, తన సున్నా ఎక్కడుందో వెతుక్కుంటుంది. దాన్ని హోమింగ్ అంటారు. మామ 'ఇంటికి పోయి రావడం' అనేవాడు. అప్పుడు రెడీ. స్టార్ట్ నొక్కితే పరుగు. ముక్కలుండే టేపు చుట్ట అయిపోవస్తే నెత్తిమీద పసుపు లైటు. తప్పు జరిగితే ఎర్ర లైటు. అన్నిటికన్నా పైన ఎర్ర పుట్టగొడుగు లాంటి ఎమర్జెన్సీ బటను. అది నొక్కితే కరెంటు తెగి, ఉన్నది ఉన్నచోటే కూలబడిపోతుంది.

ఈ మాటలన్నీ ఆయన మనుషులకూ వాడేవాడు. పొద్దున వచ్చి ఊరికే అటూ ఇటూ తిరిగే స్టోర్సు ఆయన్ను చూపించి, "ఆయప్ప ఇంకా ఇంటికి పోయి రాలేదు, పలకరించాకండి" అనేవాడు. టీ తాగేటప్పుడు ఎవరైనా పని చెబితే చెయ్యి అడ్డం పెట్టి "ఐడిల్" అనేవాడు, పనిలేక ఊరికే ఉన్న మెషీన్ స్థితికి అదీ పేరు. ఒకసారి మధ్యాన్నం ఇంటి నుంచి ఫోనొచ్చింది. విని, పెట్టేసి, "పొయ్యేటప్పుడు మల్లెపూలు తీస్కపోవల్ల. పసుపు లైటు వెలుగుతాండాది" అన్నాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పదో తరగతితో బడి మానినదాన్ని. కానీ మా శాఖా గ్రంథాలయంలో తెలుగు అరలన్నీ నావే. లైబ్రేరియన్‌కు నా మీద బీరువా తాళాలు ఇచ్చి టీకి పోయేంత నమ్మకం. వంకాయ తెగుళ్ళు, గ్రహణాలు, దేవాలయ శిల్పం, వేదాంతం, ఏది దొరికితే అది చదివాను. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం అరగదు. మామ దొరికాడు.

"మామా, మనిషికి కూడా స్థితులుంటాయంట. మెలకువ, కల, గాఢనిద్ర. ఈ మూడూ దాటినాక నాలుగోది ఒకటుంది, దాంట్లో నేను, నాది అనేదే ఉండదంట."

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నాలుగోది ఎమర్జెన్సీనా?"

నవ్వి నవ్వి నాకు పొలమారింది. ఆయన మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

నేను చేత్తో అతికించే బల్ల దగ్గర చేరాను. మెషీన్ నేర్చుకుంటానని నేనే అడిగితే సారు ఆరు నెలలు ట్రయలు పెట్టాడు. నెగ్గితే మెషీన్ నాది. నెగ్గకపోతే వెనక్కి పోవడానికి బల్ల కూడా ఉండదు, ఏడాది చివరికి ఆ బల్లలు తీసేస్తున్నారు. ఇంటి దగ్గర మాకున్నది ఎండిన బోరు, నాలుగెకరాల శెనక్కాయ చేను. వాన వస్తే పంట, రాకపోతే కట్టె. అందుకని ఆ ఆరు నెలలూ నాకు పరీక్ష రాస్తున్నట్టే ఉండేది.

మొదటి వారంలోనే తప్పు చేశాను. పసుపు లైటు వెలిగింది. చుట్ట మార్చితే చాలు. నేను భయపడి ఎమర్జెన్సీ కొట్టేశాను. మెషీన్ నోట్లో ముక్క పట్టుకునే కూలబడింది. కంగారులో బటను పైకి లేపి, వెంటనే స్టార్ట్ నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. పదిసార్లు నొక్కాను.

మామ తిట్టలేదు. అన్నాలప్పుడు సైకిళ్ళ షెడ్డు కాడికి రమ్మన్నాడు. సుద్దముక్కతో సిమెంటు నేల మీద వరుసగా గుండ్రాలు గీసి, ఒకదాన్నుంచి ఒకదానికి దారిగా గీతలు కలిపాడు. మేలుకోవడం, ఇంటికి పోవడం, రెడీ, పరుగు. పక్కన విడిగా ఒక పెద్ద గుండ్రం గీసి, దాంట్లో నన్ను నిలబెట్టాడు.

"ఇది ఎమర్జెన్సీ. పరుగులోకి పో."

నేను దూకబోయాను.

"దారి యాడుండాది? గీత గీసినానా?"

చూశాను. పెద్ద గుండ్రం నుంచి ఒకటే గీత ఉంది. అది ఇంటికి పోయే గుండ్రానికి.

"భయపడి కూలబడినప్పుడు దానికి తానెక్కడుండాదో తెలీదు తల్లీ. ఇంటికి పోయి, ఆన్నుంచి మళ్ళా లెక్క పెట్టుకుని రావల్ల. నువ్వు పదిసార్లు కాదు, నూరుసార్లు నొక్కు. దారి లేని కాడికి అది పోదు."

తక్కిన ఆడవాళ్ళు క్యారియర్లు పట్టుకుని చుట్టూ చేరారు. "ఏమి మామా, ముప్పయ్యేళ్ళ దానితో తొక్కుడుబిళ్ళ ఆడిస్తాండావు?" అని ఒకామె. "నువ్వు గూడా రా మే, నీకు గూడా ఇల్లెక్కడుండాదో మర్చిపోయింటావు" అని మామ. ఆ మధ్యాన్నం ఆరేడు మంది చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆ గుండ్రాల్లో దూకారు. నేను ఆ దారి ఇంక ఎప్పుడూ మరవలేదు.

మామ దగ్గర ఒక పుస్తకం ఉండేది. మెషీన్ నిలిచిన ప్రతిసారీ దాంట్లో రాయాలి. ఎన్ని గంటలకు, ఏ స్థితిలో నుంచి ఏ స్థితిలోకి పోయింది, కారణమేమి, కారకులెవరు. చాలా ఫ్యాక్టరీల్లో ఇలాంటి పుస్తకాన్ని సాయంత్రం కూర్చుని ఒకటే చేతిరాతతో నింపేస్తారని విన్నాను. మామ అప్పటికప్పుడు రాసేవాడు, బాగుచేయడానికి ముందే రాసేవాడు. తన తప్పైతే తన పేరు. సారు ఒకసారి పొరపాటున మూత తెరిచి మెషీన్‌ను నిలిపితే, కారకులు అన్నచోట 'సారు' అని రాసి, ఆయనకే చూపించి సంతకం తీసుకున్నాడు.

నా ఆరు నెలల్లో ఐదో నెలకు దసరా వచ్చింది.

మా దగ్గర ఆయుధపూజ గట్టిగా చేస్తారు. స్క్రూడ్రైవర్ల నుంచి సారు కారు దాకా, ఆఖరికి టీ ఫ్లాస్కుకు కూడా బొట్టు పడాల్సిందే. మామ ఆ రోజు తలంటుకుని తెల్ల జుబ్బాలో వచ్చేవాడు. బూడిదగుమ్మడికాయ మాత్రం గేటు బయట కొట్టించేవాడు, లోపల తడి తగలకూడదని. సారు వాళ్ళమ్మను మేమంతా అవ్వ అంటాం. గంధం, కుంకుమ ఉన్న పళ్ళెం ఆమె నా చేతికిచ్చింది.

"యాడా వదలాకు మే. అన్నిటికీ పెట్టు."

నేను యాడా వదల్లేదు. కరెంటు తీసేసి ఉంది కదా అని మెషీన్ మూత కూడా ఎత్తాను. లోపల బోర్డు నడిచే పట్టాకు అటొకటి, ఇటొకటి రెండు చిన్న గాజు కళ్ళున్నాయి. ఒకటి కనపడని వెలుగు పంపిస్తుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో బోర్డు వస్తే వెలుగు తెగుతుంది, బోర్డు వచ్చిందని మెషీన్‌కు తెలుస్తుంది. ఈ సంగతంతా నాకు తెలుసు. తెలిసినందుకే ముచ్చట పడ్డాను. శిల్పి విగ్రహమంతా చెక్కినాక చిట్టచివర కళ్ళు తెరిపిస్తాడని శిల్పం పుస్తకంలో చదివి ఉన్నాను. అవి దీని కళ్ళు గదా, వాటికి పూజ లేకపోతే ఎట్లా అనుకున్నాను. ఉంగరం వేలితో రెంటికీ గంధం పెట్టి, మీద కుంకుమ అద్దాను. చెయ్యి వణక్కుండా, చక్కగా, గుండ్రంగా.

పండగ సెలవు ముగిసి పనిలోకి వచ్చిన పొద్దున, సాయంత్రం లారీకి పోవాల్సిన బోర్డులు ఇంకా సగం ఉన్నాయి. మామ మీట వేశాడు. మెషీన్ మేలుకుంది. ఇంటికి పోయి వచ్చింది. రెడీ మాత్రం కాలేదు. ఎర్ర లైటు వెలిగింది. లోపల బోర్డు ఉంది, తీయండి అని తెర మీద మాట.

లోపల బోర్డు లేదు.

మామ ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే మాట. సారు వచ్చాడు. బెంగళూరు ఇంజనీరుకు ఫోను చేస్తే ఎల్లుండి గానీ రాలేనన్నాడంట. సారు మొహం మాడిపోయింది. నలుగురూ వినేట్టు అడిగాడు.

"పూజ నాడు దీని మూత ఎవరు తెరిచినారు? ఎవరైనా సరే, రేపట్నుంచి పనికి రావల్సిన పనిల్యా."

ఫోను మళ్ళీ మోగితే మాట్లాడుతూ బయటికి పోయాడు. నాకు అప్పటికే అర్థమైంది. వెలుగు తెగితే బోర్డున్నట్టు. గంధం వెలుగును తెంపింది.

మామ చేతులు వెనక్కి కట్టుకుని మూత లోపలికి వంగాడు. చాలాసేపు అట్లే ఉన్నాడు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు.

"మంచి గంధమే. అవ్వ ఇంట్లో అరగదీసింది" అన్నాడు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "బొట్టు నుదుటన పెడతారు తల్లీ, కంట్లో పెడతారా?"

నవ్వు రాలేదు. "మామా, తుడిచెయ్యి" అన్నాను. "దుమ్ము పడిందని రాసేయ్. మన ఊర్లో దుమ్ముకేమి కొదవ? ఎవరైనా నమ్ముతారు."

"నమ్ముతారు. అందుకే రాయకూడదు." ఆయన పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "దుమ్మని రాస్తే సారు కిటికీలన్నిటికీ పరదాలు కట్టిస్తాడు. గాలాడక మనమంతా ఉడికిపోతాం. వచ్చే దసరాకు మెషీన్ మళ్ళా నిల్చిపోతాది. మళ్ళా ఇంకో పరదా. మెషీన్ యాడ నిల్చిందో అది ఉన్నదున్నట్టు చెప్తాండాది. ఎందుకు నిల్చిందో మనం గూడా ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఇద్దరమూ చెడతాం."

"నా పని పోతాది మామా."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయనకూ కష్టంగానే ఉందని అప్పుడు తెలిసింది.

"పోతే పోవచ్చు" అన్నాడు. "పోదని నేను చెప్పలేను. నీ పేరు నేను రాయను. రాసేదుంటే నువ్వే రాయల్ల. రాయకపోతే ఈ గడి ఖాళీగా ఉంటాది, సారుకు ఖాళీనే చూపిస్తా. దుమ్మని మాత్రం రాయను."

పెన్ను బల్ల మీద పెట్టి, పక్కకు తిరిగి నిలబడ్డాడు.

నేను ఎన్ని పుస్తకాలు చదివానో ఆ నిమిషంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. చేను గుర్తొచ్చింది. ఎండిన బోరు గుర్తొచ్చింది. ఖాళీ గడిని చూస్తూ ఉంటే, దానికన్నా పేరు రాయడమే తేలికనిపించింది. రాశాను. 'మేలుకున్నాక రెడీ స్థితికి పోలేదు. కారణం: పూజలో బోర్డును చూసే కళ్ళకు గంధం పెట్టడం. కారకులు:' తర్వాత నా పేరు, ఇంటిపేరుతో సహా.

మామ పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. చదివాడు. నా పేరు కింద ఇంకొక మాట రాశాడు. 'పూజ తర్వాత లోపల చూడకుండా మూత వేసినది:' అని తన పేరు పెట్టాడు.

"నువ్వెందుకు మామా?"

"మూత వేసింది నేనే గదా. చూడల్ల. చూళ్ళేదు."

అప్పుడు మెత్తటి గుడ్డ, స్పిరిటు నాకిచ్చాడు. రెండు కళ్ళూ నేనే తుడిచాను. మెషీన్ మేలుకుంది, ఇంటికి పోయింది, వచ్చింది. తెర మీద రెడీ అన్న మాట పడింది.

సారు లోపలికి వచ్చాడు. మెషీన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. మామ పుస్తకం చేతికిచ్చాడు. సారు చదువుతున్నంతసేపూ నేను ఆయన బూట్లనే చూశాను.

"యాడా వదలొద్దని నీకు చెప్పింది మా అమ్మ గదా?" అన్నాడు.

"అవును సార్."

"ఇప్పుడు మా అమ్మను గూడా రేపట్నుంచి రావద్దనల్లనా నేను?"

మామ గడ్డం గోక్కున్నాడు. "చెప్పి చూడు సారూ. ఎమర్జెన్సీ అంటే ఏందో నీకు గూడా తెలుస్తాది."

సారుకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు, ఆగలేదు. కాసేపటికి మళ్ళీ మొహం బిగించుకుని, "సరే, స్టార్ట్ చెయ్ మామా. లారీ వస్తాది" అన్నాడు.

మామ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఆయమ్మ చేస్తాది సారూ."

"ట్రయలు ఇంకా నెలుండాది గదా?"

"తన తప్పును తన చేత్తో రాసినాక ఇంకేమి ట్రయలు సారూ?" అన్నాడు మామ. "చుట్టలు మార్చేది ఎవరైనా నేర్చుకుంటారు."

ఆయన కళ్ళకు శుక్లాలొచ్చి పని మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడు నల్లమాడలో కూతురింట్లో ఉంటాడు. ఎప్పుడైనా ఫోను చేసి ఎట్లుండావు మామా అంటే "ఐడిల్" అంటాడు, హాయిగా. అయితే ఆయన్ను తలచుకున్నప్పుడు నాకు కనపడేది ఆ పొద్దునే. లైనులో పనిచేసేవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. సారు ఇంకొకసారి ఆ పేజీ చదివాడు. పుస్తకం మూశాడు. ఎప్పుడూ మామ చేతికిచ్చే ఆ పుస్తకాన్ని నా చేతికిచ్చి, లారీ సంగతి చూడటానికి బయటికి పోయాడు.

నేను స్టార్ట్ నొక్కాను.